పగలు ఊరు, రాత్రి బేరం: టేబుల్‌టాప్ ఆటకు చీకటి నగరాన్ని కట్టడం ఎలా

టేబుల్‌టాప్ ఆర్‌పీజీ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ప్లేయర్లు తలా ఒక పాత్ర (క్యారెక్టర్) అయి, డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట. దాని కోసం చీకటి నగరాన్ని తయారు చేద్దామని కూర్చున్న కొత్త గేమ్ మాస్టర్, అంటే ఆటను నడిపించే మనిషి, సాధారణంగా దయ్యాల జాబితాతో మొదలుపెడతారు. రక్తపిశాచుల వంశాలు మూడు, మంత్రగాళ్ల సంఘాలు రెండు, శవాలను లేపేవాడొకడు, వీళ్లందరి వెయ్యేళ్ల చరిత్ర ఇరవై పేజీలు. ఆట మొదలయ్యాక ఆ ఇరవైలో ప్లేయర్ల దాకా చేరేది అర పేజీ. ఇంకో పెద్ద చిక్కు కూడా ఉంది: ఆ దయ్యాలను తీసుకెళ్లి అడవిలో పెట్టినా, కోటలో పెట్టినా కథ అలాగే నడుస్తుంది. అంటే అక్కడ నగరం వెనకాల కట్టిన తెర, అంతే.

అర్బన్ ఫాంటసీలో, అంటే నగరంలో మంత్రాలూ దయ్యాలూ ఉండే కథల్లో, చీకటి అనేది నగరంలోంచే పుట్టాలి. లక్షల మంది ఒకచోట హాయిగా నిద్రపోవాలంటే ఎవరో ఎక్కడో దానికి చెల్లిస్తూ ఉండాలి. చెత్త ఎత్తేవాళ్లు, రాత్రి షిఫ్టుల వాళ్లు, మురుగు కాలువల్లోకి దిగేవాళ్లు చెల్లిస్తున్నది అదే. ఫాంటసీ ఆ చెల్లింపుకు ఒక ఆకారం ఇస్తుంది. అందుకే ఈ పద్ధతిలో ముందు ఊరి బేరం కుదురుతుంది. దయ్యాలు, మంత్రాలు, పటాలు దాని వెనక వస్తాయి.

రెండేసి గంటల చొప్పున మూడు సిట్టింగులు కేటాయించుకోండి. అరచేతి సైజు కార్డులు ఎనిమిది, ఒక నోట్‌బుక్, పెన్సిల్, ఆరు ముఖాల డైస్ రెండు చాలు. పని పూర్తయ్యేసరికి మీ చేతిలో ఎనిమిది కార్డులు, రెండు పేజీల రాత ఉండాలి. అంతకు మించితే కొట్టేయండి. టేబుల్ దగ్గర ప్లేయర్ ప్రశ్న అడిగితే జవాబు పది సెకన్లలో దొరకాలి, ఇరవై పేజీల్లో అది జరగదు.

ఒకటి: ఊరి బేరం రాయండి

నోట్‌బుక్‌లో ఈ మూడు వాక్యాలు రాసి ఖాళీలు నింపండి. ఈ ఊరికి ఫలానాది దక్కింది. బదులుగా ఫలానాది పోతోంది. ఈ సంగతి ఫలానా వాళ్లకు మాత్రమే తెలుసు.

ఉదాహరణ కోసం ఒక కల్పిత నగరాన్ని తీసుకుందాం, పేరు కరివాక. ఊరి నడుమ పారే నది ఏటా పొంగి ఇళ్లను ముంచేది. ఎనభై ఏళ్ల కిందట దాన్ని కాంక్రీటుతో కప్పేసి పైన రోడ్డు వేశారు. ఆ తర్వాత ఒక్క వరదా రాలేదు. బదులుగా ఏడాదికోసారి నదికి ఒక మనిషి పేరు ముట్టజెప్పాలి. పేరు పోయిన మనిషి చావడు, అందరి మనసుల్లోంచీ చెరిగిపోతాడు. కన్నతల్లి కూడా ఎదురుగా నిలబెట్టి చూపిస్తే గుర్తుపట్టదు. ఈ సంగతి జనన మరణాల రిజిస్టర్ రాసే సెక్షన్‌లో నలుగురికి, పేరును కిందికి మోసుకెళ్లే డ్రైనేజీ సిబ్బందికి మాత్రమే తెలుసు. ఇప్పటికి ఎనభై పేర్లు వెళ్లిపోయాయి.

మీ బేరం రాశాక దానికి మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది: ఈ బేరం రేపు ఆగిపోతే మామూలు జనంలో ఎవరి కొంప మునుగుతుంది? కరివాకలో నిజంగానే మునుగుతుంది. మీ జవాబు 'ఎవరిదీ మునగదు' అయితే అది బేరం కాదు, అక్కడున్నది ఒక విలన్ మాత్రమే. ఊరి కింద దుష్ట రాజు నిద్రపోతున్నాడు అన్న ఆలోచన తేలిపోయేది ఇక్కడే. అతని నిద్ర వల్ల ఎవరికీ లాభం లేదు, కాబట్టి అతన్ని చంపాలా వద్దా అన్న తర్జనభర్జనే రాదు. ప్లేయర్లు నాలుగో సెషన్‌కల్లా, అంటే నాలుగోసారి ఆడటానికి కూర్చునేసరికి, వాడి పని పట్టేస్తారు, మీ దగ్గర ఇంకేమీ మిగలదు.

రెండోది: చెల్లించేవాళ్లు ఒప్పుకుని చెల్లిస్తున్నారా? ఒప్పుకుని ఉంటే అది త్యాగం. దానితోనూ మంచి కథే వస్తుంది, కానీ చీకటి కథ రాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ బేరం అరచేతిలో పట్టే వస్తువులో కనిపిస్తుందా? కరివాకలో ఒక కుటుంబం ఫొటో ఉందనుకోండి. నలుగురు నిలబడి ఉంటారు. రెండో మనిషికీ మూడో మనిషికీ మధ్య ఒకరు పట్టేంత జాగా. ఆ జాగా పక్కనున్న తల్లి చెయ్యి భుజం ఎత్తులో గాలిలో ఉంటుంది, వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు కొద్దిగా వంగి ఉంటాయి. చెయ్యి అలా ఎందుకు పెట్టారని అడిగితే, ఫొటో తీసినాయన అలా పెట్టమన్నాడంటుంది. ఈ ఒక్క ఫొటో ఇరవై పేజీల చరిత్ర పెట్టు. ఇలాంటి వస్తువు మీకు తట్టకపోతే బేరం ఇంకా గాలిలోనే ఉందన్నమాట. మళ్లీ రాయండి.

రెండు: ముందుకు వెళ్లే ముందే ప్లేయర్లను అడగండి

సెట్టింగ్ (కథ జరిగే లోకం) అంతా సిద్ధమయ్యాక సెషన్ జీరో, అంటే ఆట మొదలవకముందు ప్లేయర్లతో మాట్లాడుకునే సమావేశం, పెడితే, ఎవరికో పడని విషయం పునాదిలోనే ఉందని అప్పుడు తెలుస్తుంది. బేరం రాసిన మర్నాడే పెట్టండి. గుట్టు విప్పకుండా, కథలో ఎలాంటి భయం ఉంటుందో చెప్పండి: మనుషులు మాయమవడం, జ్ఞాపకాలు పోవడం, నీళ్లలో మునగడం.

ఇందుకు బాగా పనికొచ్చే పద్ధతి లైన్స్ అండ్ వీల్స్. రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ డిజైనర్ వాడుకలోకి తెచ్చాడు. లైన్ అంటే ఆటలోకి అసలు రాకూడనిది. వీల్ అంటే జరగొచ్చు కానీ కళ్లముందు వర్ణించకూడనిది. నలుగురిలో చెప్పమంటే చాలామంది 'నాకేం పర్లేదు' అనేస్తారు, కాబట్టి చీటీల మీద రాయించుకుని, పేర్లు లేకుండా తీసుకోండి. దీనికి తోడు జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు: ఒక కార్డు మీద ఎక్స్ గీసి టేబుల్ మధ్యలో పెడతారు, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే నడుస్తున్న విషయాన్ని అక్కడికి వదిలేస్తారు. కారణం అడగరు. ఆ చివరి నియమాన్ని గట్టిగా పట్టుకోండి, కారణం అడిగిన టేబుల్ దగ్గర కార్డును రెండోసారి ఎవరూ ముట్టుకోరు.

చీటీల్లో వచ్చినదాన్ని బట్టి బేరాన్నే సవరించండి. పిల్లలకు హాని జరగకూడదని ఎవరైనా లైన్ గీస్తే, 'ఆ సీన్లు రాకుండా చూసుకుంటాలే' అనుకుంటే సరిపోదు. నది పెద్దవాళ్ల పేర్లే తీసుకుంటుందని నియమం రాసేయండి. నియమంగా రాసి ఉంటే ఆట వేడిలో కూడా మీరు జారిపోరు. పైగా కథకు కొత్త ముడి దొరుకుతుంది: పద్దెనిమిదో పుట్టినరోజంటే రిజిస్టర్ సెక్షన్ వాళ్ల పిల్లలు ఎందుకు హడలిపోతారో ప్లేయర్లే కనుక్కుంటారు.

మూడు: గుట్టు ఎలా నిలబడుతోంది?

ఇంత జరుగుతుంటే జనానికి ఎందుకు తెలియలేదు? అందరి జేబుల్లో కెమెరాలున్నాయి కదా? మొదటి సెషన్‌లోనే ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. జవాబు లేకపోతే సెట్టింగ్ అక్కడే కూలిపోతుంది.

జవాబులు స్థూలంగా మూడు రకాలు. జనం చూస్తారు కానీ గుర్తుంచుకోలేరు. జనానికి తెలుసు, నోరు మెదపకపోవడంలో లాభం ఉంది. లేదా రహస్యంగా ఉండాల్సిన అవసరం ఆ చీకటి ప్రాణులకే ఉంది, కట్టడి వాళ్లే వేసుకున్నారు. 1991లో వచ్చిన 'వాంపైర్: ద మాస్కరేడ్' ఆట ఈ మూడో దారి పట్టింది. పేరులోని మాస్కరేడ్ మనుషుల కంట పడకూడదని పిశాచాలు తమకు తాము పెట్టుకున్న చట్టమే. ఆ ఆటలో ప్లేయర్లే పిశాచాలు కాబట్టి గుట్టు కాపాడటం వాళ్ల నెత్తినే పడుతుంది, అందులోంచి రోజువారీ చిక్కులు పుట్టుకొస్తాయి. మీ ప్లేయర్లు మామూలు మనుషులైతే మొదటి రెండూ నప్పుతాయి.

ఒకటే ఎంచుకోండి. మూడూ కలిపితే ఏదీ బలంగా ఉండదు. ఎంచుకున్నాక మూడు వాక్యాలు రాయండి: అది దేన్ని కప్పుతుంది, దేన్ని కప్పలేదు, రట్టయితే ఏం జరుగుతుంది. కరివాకలో మరుపు మనిషి ముఖాన్ని, గొంతును, పేరును కప్పుతుంది. అతను వదిలిన ఖాళీని కప్పలేదు. అందుకే ఫొటోలో జాగా మిగులుతుంది, రిజిస్టర్‌లో వరస సంఖ్య మిగులుతుంది: 4411 పక్కన పేరుంటుంది, 4412 పక్కన గీత ఉంటుంది కానీ పేరుండదు, 4413 నుంచి మామూలే. పోయిన పేరును ఎవరైనా పైకి పలికితే ఆ రాత్రి ఊళ్లో నీటిమట్టం ఒక మెట్టు పెరుగుతుంది.

రెండో వాక్యం రాయకుండా వదిలేస్తే ప్లేయర్లకు పట్టుకోవడానికి కొస దొరకదు. మూడోది వదిలేస్తే వాళ్లు రెండో సెషన్‌లోనే అంతా బయటపెడతామంటారు, మీరేమో ఏదో వంక పెట్టి ఆపాల్సి వస్తుంది. జ్ఞాపకాలు చెరిపేసే రహస్య పోలీసులను దింపడం ఆ వంకల్లో మరీ చెడ్డది. ప్లేయర్లు ఏం చేసినా చెరిగిపోతుందంటే వాళ్లు చేయడం మానేస్తారు.

నాలుగు: ఐదు చోట్లు, ఐదు కార్డులు

మొత్తం నగరం పటం గీయొద్దు. ఐదు చోట్లు చాలు. కనీసం ఒకటి ఎత్తు మీద ఉండాలి, రెండు వీధిలో, ఒకటి నేల కింద, ఒకటి ప్లేయర్ల క్యారెక్టర్లు తమదనుకునేది. ప్రతి చోటికీ ఒక కార్డు మీద ఐదు సంగతులు రాయండి: పగలు దేనికి వాడతారు, రాత్రి దేనికి, తాళం ఎవరి దగ్గరుంది, ఒక వాసన లేదా చప్పుడు, ఒక తేడా. తేడా అంటే మామూలు మనిషి చూసి కూడా పట్టించుకోని వింత.

నేల కింద ఉన్న చోటు దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. చాలా సెట్టింగుల్లో ఊరి కింద ఊరికే సొరంగాలుంటాయి. నిజమైన నగరాల కింద ఉన్న ప్రతిదానికీ వెనక ఒక మామూలు పాలనా నిర్ణయం ఉంది. పారిస్ నేల కింది ఎముకల గుట్టలు ఏ పూజారులో పేర్చినవి కావు. శ్మశానాలు నిండిపోయి పక్క ఇళ్లకు ముప్పు వచ్చాక, 1786 నుంచి పాత రాతి గనుల్లోకి తరలించిన సుమారు అరవై లక్షల మంది అవశేషాలవి. సియాటిల్‌లో 1889 అగ్నిప్రమాదం తర్వాత వీధులనే ఎత్తు చేసి వేశారు, దాంతో పాత దుకాణాల కింది అంతస్తులు నేలమాళిగలైపోయాయి. లండన్‌లో ఫ్లీట్ నది ఇప్పటికీ వీధుల కింద మురుగు కాలువగా పారుతోంది. మీ సొరంగానికి కూడా మూడు జవాబులు రాయండి: ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు, ఎందుకు మూసేశారు. మూసేసిన కారణం బేరానికి తగిలితే ఆ చోటు దానంతట అదే భయపెడుతుంది.

భయం పుట్టించడానికి సైన్సు చాలా సాయపడుతుంది. మురుగు కాలువల్లో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. కానీ మోతాదు బాగా పెరిగితే వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. అంటే వాసన తగ్గిందనిపించినప్పుడు ముప్పు పెరిగి ఉండొచ్చు. సొరంగంలో ప్లేయర్లకు 'కంపు పోయింది, ఊపిరి హాయిగా ఉంది' అని చెప్పండి. సంగతి తెలిసిన ఒక్కరి ముఖం మారితే చాలు, టేబుల్ అంతా మూగబోతుంది. అలాగే వెలుతురులోంచి చీకట్లోకి వెళ్లిన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ వెలిగిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

దీపాలను కూడా కార్డు మీద రాయండి. పాతకాలపు లో ప్రెషర్ సోడియం దీపం దాదాపు ఒకే ఒక్క తరంగదైర్ఘ్యంలో, సుమారు 589 నానోమీటర్ల పసుపు వెలుగులో మండుతుంది. దాని కింద రంగులుండవు, పసుపూ నలుపూ వాటి మధ్య ఛాయలూ తప్ప. ఎర్ర చొక్కా నల్లగా కనిపిస్తుంది. నేల మీది మరక నూనెదో నెత్తుటిదో చెప్పలేరు. కరివాకలో కప్పేసిన నది మీది రోడ్డుకు మాత్రం ఇంకా ఈ దీపాలే ఉన్నాయి, మిగతా ఊరంతా తెల్లటి ఎల్‌ఈడీలకు మారిపోయింది. ఆ ఒక్క రోడ్డునే ఎందుకు మార్చలేదన్నది కార్డులోని తేడా.

చోట్ల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో రాయకండి, నిమిషాల్లో రాయండి. ఐదు చోట్ల మధ్య జతలు పదే, పది అంకెలు రాస్తే సరి. పగలు ఇరవై నిమిషాలు పట్టే దారి రాత్రి నలభై పడుతుందంటే, ఎందుకన్నది మీకు ఉచితంగా దొరికిన కథ.

ఐదు: మూడు వర్గాలు, ఒకరి పీక ఒకరి చేతిలో

మూడు ఫ్యాక్షన్లతో మొదలుపెట్టండి. రెండైతే మంచీ చెడుగా విడిపోతాయి. ఐదైతే ప్లేయర్లకు పేర్లే గుర్తుండవు. ఒక్కో వర్గానికి ఒక కార్డు: ఏం కావాలి, చేతిలో ఏముంది, దేనికి భయపడుతుంది, ఎవరికి బాకీ పడింది. ఈ ఆఖరి గడి వల్లే వర్గాలు ముక్కోణంలా ముడిపడతాయి.

కరివాకలో రిజిస్టర్ సెక్షన్ వాళ్లకు ఈ ఏటి పేరు సద్దు లేకుండా వెళ్లిపోవాలి. వాళ్ల చేతిలో ముద్రలున్నాయి, నలుగురిలో ఒకరు నోరు జారతారని భయం. పేరును కిందికి మోసుకెళ్లేది డ్రైనేజీ సిబ్బంది కాబట్టి వాళ్లకు బాకీ. డ్రైనేజీ సిబ్బందికి తమ ఇళ్ల పేర్లు ఎప్పటికీ చిట్టాలో ఎక్కకూడదు. చేతిలో తాళాలూ దారులూ ఉన్నాయి, నీటిమట్టం అంటే భయం. కింద దారి తప్పితే బయటపడేసేది మరుపు మనుషులు, కాబట్టి వాళ్లకు బాకీ. పేరు పోయిన ఆ మరుపు మనుషులకు తమ పేరు తిరిగి కావాలి. ఐదు నిమిషాలు దాటితే వాళ్ల ముఖం ఎవరికీ గుర్తుండదు, అదే వాళ్ల బలం. తాము ఒకరినొకరు కూడా మరిచిపోతామని భయం. తిండీ బట్టా గుట్టుగా పంపేది రిజిస్టర్ సెక్షన్ కాబట్టి వాళ్లకు బాకీ. వీళ్లలో ఎవరినీ ఎవరూ పూర్తిగా దెబ్బతీయలేరు. ఆ బిగువు తెగేది ప్లేయర్లు వేలు పెట్టినప్పుడే.

ఒక్కో కార్డు వెనక వృత్తం గీసి 4, 6 లేదా 8 గడులుగా చీల్చండి. ఆర్‌పీజీ వాళ్లు దీన్ని క్లాక్ అంటారు. నిండితే ఆ వర్గం కోరుకున్నది జరిగిపోతుంది. సెషన్ అయ్యాక ప్రతి వర్గానికీ ఒక డైస్ వేయండి: 1 నుంచి 3 పడితే ఏమీ లేదు, 4 గానీ 5 గానీ పడితే ఒక గడి, 6 పడితే రెండు. సగటున సెషన్‌కు గడిలో మూడింట రెండు వంతులు నిండుతుంది. అంటే ప్లేయర్లు తలదూర్చకపోతే 4 గడులది ఆరు సెషన్లలో, 6 గడులది తొమ్మిదింటిలో, 8 గడులది పన్నెండింటిలో నిండుతుంది. మీ కాంపెయిన్ (సెషన్ల వరసగా సాగే మొత్తం కథ) పది సెషన్లనుకుంటే 4, 6, 8 ఒక్కోటి పెట్టండి: మొదటిది మధ్యలో పేలుతుంది, రెండోది చివర్లో, మూడోది ప్లేయర్లు పొరపాటు చేస్తేనే.

క్లాక్ విషయంలో ఎక్కువమంది చేసే తప్పు దాన్ని తమ దగ్గరే దాచుకోవడం. సగం నిండినప్పుడు ఊళ్లో ఏం కనిపిస్తుందో ముందే రాసిపెట్టుకోండి. కరివాకలో మరుపు మనుషులది 8 గడుల క్లాక్, నది మీది మూతను తెరవడం వాళ్ల పని. 4 నిండితే కింది అంతస్తుల బాత్‌రూముల్లో నీళ్లు పైకి తన్నుతాయి. 6 నిండితే రోడ్డు మీద బండ్లేవీ లేకపోయినా మ్యాన్‌హోల్ మూతలు దడదడలాడతాయి. ముందస్తు గుర్తులు లేకుండా వరద తెప్పిస్తే ప్లేయర్లకు మీరు మోసం చేసినట్టే ఉంటుంది.

ఆరు: మంత్రానికి వెల

చీకటి సెట్టింగులో మంత్రం నల్లేరు మీద నడక కాకూడదు. వెలను హిట్ పాయింట్లలో, అంటే క్యారెక్టర్ ప్రాణశక్తిని లెక్కించే అంకెల్లో, తీసుకుంటే అది ఒట్టి లెక్క. రాత్రి నిద్రపోతే తిరిగొచ్చేస్తుంది. బేరం ఏ నాణెంలో నడుస్తుందో మంత్రం కూడా అదే నాణెంలో నడవాలి. కరివాక బేరం జ్ఞాపకాల మీద నడుస్తోంది కాబట్టి ప్రతి ప్లేయర్ తన క్యారెక్టర్ షీట్ మీద ఏడు జ్ఞాపకాలు రాస్తారు, ఒక్కోటి ఒక్కో వాక్యం, ప్రతిదాంట్లో ఒక మనిషి పేరు.

మంత్రం వేసినప్పుడు రెండు డైస్ కలిపి లెక్కించండి. 10 లేదా పైన: వెల లేదు. 7 నుంచి 9: పని అవుతుంది, ఒక జ్ఞాపకం మసకబారుతుంది, అంటే అందులోని పేరు పోతుంది. 6 లేదా కింద: పని అయినా కాకపోయినా ఒక జ్ఞాపకం మొత్తం కొట్టేయాలి. మసకబారినవి రెండైతే ఒకటి కొట్టేసినట్టు.

ఈ అంకెల వెనక ఏముందో తెలుసుకుని వాడండి. డైస్ మొత్తానికి కలుపుకునే బోనస్ ఏదీ లేకపోతే 6 లేదా కింద పడే అవకాశం 36లో 15, అంటే దాదాపు 42 శాతం. 7–9కి కూడా అంతే. వెల లేకుండా తప్పించుకునేది 17 శాతమే. +1 బోనస్ ఉంటే అవి వరసగా 28, 44, 28 శాతాలవుతాయి. +2 ఉంటే 17, 42, 42. ఇప్పుడు +1 ఉన్న ప్లేయర్ సెషన్‌కు మూడు మంత్రాలు వేస్తారనుకోండి. సగటున సెషన్‌కు ఒకటిన్నర జ్ఞాపకాలు పోతాయి. ఏడూ ఐదో సెషన్‌కే ఖాళీ. పది సెషన్ల కాంపెయిన్‌కు ఇది మరీ వేగం. రెండు సెషన్లకోసారి, ఆటలో నిజంగా మనసుకు తగిలిన సంఘటనను కొత్త జ్ఞాపకంగా రాసుకోనివ్వండి, అప్పుడు ఏడో సెషన్ దాకా లాగొచ్చు. అప్పటికి ప్లేయర్లే మంత్రాలు తగ్గించుకుంటారు కాబట్టి పది చేరడం కష్టం కాదు.

జ్ఞాపకాన్ని మీరు కొట్టేయకండి. పెన్సిల్ ప్లేయర్ చేతికే ఇవ్వండి, ఏది పోవాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, కొట్టేసే ముందు ఆ వాక్యాన్ని ఒకసారి పైకి చదవమనండి. ఈ చిన్న పని ఏ వర్ణనకంటేనైనా ఎక్కువ బరువు తెస్తుంది.

ఏడు: క్యారెక్టర్లను బేరానికి కట్టేయండి

ప్రతి ప్లేయర్‌నీ రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఊరు నీ కుటుంబానికి ఏం ఇచ్చింది? నీ జీవితంలో కారణం తెలియని ఖాళీ ఏది? మొదటి జవాబు వాళ్లను బేరంలో లబ్ధిదారుల్ని చేస్తుంది, రెండోది బాధితుల్ని. కిందికి పల్లంలో కట్టిన ఇల్లు తాతల కాలం నుంచీ మునగలేదని ఒకరంటారు. ఇంట్లో ఎవరూ కొనని సైకిల్ ఒకటుందని అదే మనిషి అంటారు. మీరేమీ వివరించొద్దు, రాసుకోండి. నలుగురు ప్లేయర్లుంటే ఎనిమిది జవాబులొస్తాయి. ఆ తర్వాత మీరు కొత్తగా కల్పించాల్సిన కథ పెద్దగా ఉండదు.

ఎన్‌పీసీల (గేమ్ మాస్టర్ ఆడించే మిగతా పాత్రల) కోసం పది పేర్ల జాబితా ఉంచుకోండి, పేరు పక్కన ఒక కోరిక, ఒక చేతి అలవాటు. ఆట మధ్యలో పేరు కోసం తడుముకుంటే, ఆ మనిషిని అప్పటికప్పుడు పుట్టించారని టేబుల్ అంతా పసిగడుతుంది.

ఎనిమిది: మొదటి సెషన్

మూడు గంటలనుకుందాం. మొదటి ఇరవై నిమిషాలు వెలుతురే చూపించండి: క్యారెక్టర్లు ఇష్టపడే చోటు, వాళ్లను పేరు పెట్టి పిలిచే ఇద్దరు మనుషులు, ఒక చిన్న సాయం. దీన్ని దాటేసి నేరుగా శవం దగ్గర మొదలుపెట్టే గేమ్ మాస్టర్లు చాలామంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేని చోట భయం అంటుకోదు. తర్వాత కూడా రెండు చీకటి సీన్లకు ఒక వెచ్చని సీన్ పడేలా చూసుకోండి.

ఆపైన ఒక వింత. కరివాకలో పక్కింటావిడ క్యారెక్టర్లను పిలిచి అడుగుతుంది: ఇంట్లో ఉన్నది నలుగురం, బాత్‌రూంలో బ్రష్‌లు ఐదున్నాయి. ఐదోది ఎవరిదో తెలియదు. ఎన్నిసార్లు పారేసినా మళ్లీ వస్తోంది. ఇవాళ పొద్దున చూస్తే తడిగా ఉంది.

ఒక మనిషిని చెరిపేశారన్న నిజానికి ప్లేయర్లు చేరాలంటే కనీసం మూడు ఆధారాలు, మూడు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకటి వాళ్ల కంట పడదు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పని చేస్తుంది. ఇక్కడ గోడ మీది ఫొటో, రిజిస్టర్‌లో 4412, తడి బ్రష్ మూడూ ఉన్నాయి. వీటిలో ఏదీ డైస్ వేస్తేనే దొరికేలా పెట్టకండి. చూస్తామంటే చూడనివ్వండి. డైస్ దేనికంటే, చూసేటప్పుడు వాళ్లను ఎవరైనా గమనించారా లేదా తేల్చడానికి.

ఆ రాత్రి బాత్‌రూం దగ్గర కాపలా కాస్తే, పక్కింటావిడ మరిచిపోయిన కొడుకు వస్తాడు. బట్టలు తడిసి ఉంటాయి. అతన్ని మొత్తంగా వర్ణించకండి: తలుపు చప్పుడు కాకుండా తీసే అలవాటు, చెప్పులు ఎక్కడ విడవాలో తెలిసిన తీరు చాలు. తల్లి గదిలోంచి వచ్చి దొంగ అని అరుస్తుంది. మొదటి సెషన్‌ను ఈ చిక్కు దగ్గరికి తెచ్చి ఆపండి: అతని పేరు ప్లేయర్లకు తెలిసిపోయింది, పలికితే తల్లికి గుర్తొస్తాడు, నీటిమట్టం ఒక మెట్టు పెరుగుతుంది. నిర్ణయం వాళ్లదే. మీ మనసులో సరైన జవాబు ఉండకూడదు, ఉంటే మీ గొంతులో తెలిసిపోతుంది.

తొమ్మిది: సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఇరవై నిమిషాలు

ఐదు నిమిషాలు క్లాక్‌లకు డైస్ వేయడానికి. ఐదు నిమిషాలు, ప్లేయర్లు కలిసిన ఒక మనిషికి వాళ్ల వల్ల ఏం మారిందో ఒక వాక్యం రాయడానికి. మిగతా పది నిమిషాలు ఐదు చోట్లలో ఒకదాన్ని మార్చడానికి. కొత్త చోటు చేర్చాలన్న ఆశ పుడుతుంది, ఆపుకోండి. తెలిసిన చోటు మారితేనే ప్లేయర్లకు ఒళ్లు జలదరిస్తుంది. కార్డు మీది ఐదు సంగతుల్లో ఒక్కటి కొట్టేసి కొత్తది రాయండి. తాళం ఇంకొకరి చేతికి వెళ్లొచ్చు, రాత్రి జరిగే పని పగలే జరగొచ్చు. నాలుగో సెషన్ తర్వాత కరివాక నది రోడ్డు కార్డు తీసి, సోడియం దీపాలు అన్న మాట కొట్టేసి ఎల్‌ఈడీ అని రాయండి. మళ్లీ ప్లేయర్లు ఆ దారిన వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ నూనె మరకలనుకుని తొక్కుతూ వెళ్లినవి తెల్లటి వెలుగులో ఎండిన నెత్తుటి రంగులో కనిపిస్తాయి.